సముద్రం ఒడ్డున ఐదు రోజులు ఊరికే పడుండాలంటే: హన్మకొండ చెల్లెకు నా జవాబు

చదివే మిగతావాళ్లకు కూడా అర్థం కావాలని, చెల్లె అడిగింది ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను. ఆమెది హన్మకొండ, బ్యాంకు ఉద్యోగం. ఆయన జూనియర్ కాలేజీ లెక్చరర్. పెళ్లయి పదేళ్లు దాటింది, ఇద్దరే కలిసి ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు బాబును అత్తమ్మ చూసుకుంటానన్నది. ఐదు రాత్రులు సముద్రం ఒడ్డున ఏదైనా రిసార్టులో ఏ పనీ లేకుండా పడుండాలని కోరిక. మాల్దీవులా, అండమానా, గోవానా, బాలీనా? మేలో పోవాలా, దసరాకా? నీళ్ల మీద కట్టిన విల్లా తీసుకోవాలా? ఇద్దరికీ ఈత రాదు, ఆయన శాకాహారి. ఒక ఏజెంటు మూడు చోట్ల తిప్పే ప్యాకేజీ ఇచ్చాడట. చివర్లో ఇంకో మాట రాసింది: "అంత దూరం పోయి ఊకెనే పండుకొని వచ్చిండ్రా అని చుట్టాలు అంటరేమో."

టికెట్లు, టూర్లు బుక్ చేసే పనిలో నేను హన్మకొండలోనే చాలా ఏళ్లుగా ఉన్నాను. నేనూ మా ఆయనా ఇలాంటి సెలవులు కొన్ని తీసుకున్నాం, ఎంతోమంది జంటలను పంపించాను. అందుకే చివరి మాటతోనే మొదలుపెడతాను.

మన దగ్గర ప్రయాణమంటే మొక్కు, లేదంటే పెళ్లి, లేదంటే చూసి రావాల్సిన స్థలాల పట్టీ. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, స్నానాలు ముగించి, ఎనిమిదింటికల్లా బండెక్కకపోతే డబ్బు దండగైందని బాధపడతాం. తిరిగొచ్చాక అలసట తీరడానికి ఇంకో రెండు రోజులు సెలవు పెడతాం. మీరిద్దరూ పదేళ్లుగా ఉద్యోగాలు, ఇల్లు, పిల్లవాడు, పరీక్షల డ్యూటీలు మోస్తున్నారు. మీకు కావాల్సింది విశ్రాంతి, అది అడగడానికి సంకోచం అక్కర్లేదు. చుట్టాలకు ఫోటోలు చూపించండి చాలు. పోయి పడుకొని వచ్చామని ధైర్యంగా చెప్పండి, తప్పేం లేదు.

అయితే ఊరికే ఉండటం దానంతటది జరగదు. అది ముందే కుదుర్చుకోవాలి. నేను గమనించిన ఒకే ఒక్క సూత్రం ఇది: ఎన్నిసార్లు సామాన్లు సర్దితే అంత సెలవు పోతుంది. మీ ఏజెంటు ఇచ్చిన కాగితాన్నే తీసుకోండి. మాల్దీవుల రాజధాని మాలేలో ఒక రాత్రి, మఫుషి ద్వీపంలో రెండు రాత్రులు, నీటి విల్లాలో రెండు. చూడటానికి బాగుంది, మూడు రకాల అనుభవాలు. కానీ హోటళ్లలో ఖాళీ చేయాల్సింది పగలు పదకొండు, పన్నెండు మధ్య. కొత్త గది చేతికొచ్చేది రెండు, మూడింటికి. మధ్యలో పడవ. అంటే గది మారిన ప్రతిసారీ ఒక పగలంతా పోయినట్టే. వచ్చిన రోజు, పోయే రోజు ఎలాగూ లెక్కలోకి రావు. ఐదు రాత్రుల్లో మీకు మిగిలేది రెండు నిండు పగళ్లు! దాన్ని పక్కన పెట్టేయండి. ఒకే చోటు, ఒకే గది, ఐదు రాత్రులు. మొదటి రోజు ఆగమాగంగానే ఉంటుంది, రెండో రోజు ఫోన్ వైపే చెయ్యి పోతుంది, మనసు నెమ్మదించేది మూడో రోజు నుంచే. అందుకే మూడు రాత్రుల ప్యాకేజీ అడిగిన వాళ్లకు కూడా ఐదు చేసుకొమ్మనే చెప్తాను.

ఇక ఎప్పుడు పోవాలన్నది. ఎక్కడికి అన్నదానికంటే ఇదే ముఖ్యం. మన సెలవులు మూడు: సంక్రాంతి, వేసవి, దసరా. సముద్రానికి మన క్యాలెండర్ తెలియదు, దానికి తెలిసింది రుతుపవనాలు.

మాల్దీవుల్లో డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఈశాన్య గాలి, పొడి కాలం. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలి, వానలూ అలలూ. వాన పడితే గదిలో కూర్చోవచ్చు, అది కూడా హాయే, అప్పుడు ధరలు కూడా దిగుతాయి. కానీ ఈత రానివాళ్లకు వానకంటే అలలతోనే ఇబ్బంది. నీళ్లలోకి దిగలేకపోతే సగం సరదా పోయినట్టే. అండమాన్‌లో నైరుతి మే మధ్యలోనే అందుకుంటుంది, సెప్టెంబరు దాకా తగ్గదు. ఆ తర్వాత ఏడాది చివర్లో ఈశాన్య రుతుపవనాలు, తుపాన్ల భయం. అక్కడ నికరంగా చెప్పగలిగిన కాలం జనవరి నుంచి ఏప్రిల్. థాయిలాండ్‌లో ఫుకెట్ వైపు మే నుంచి అక్టోబరు దాకా సముద్రం పోటెత్తి ఉంటుంది, ఒడ్డున ఎర్రజెండాలు పాతేస్తారు. అదే దేశంలో అటువైపున్న కో సముయికి వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. గోవాలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా సముద్రంలోకి దిగనివ్వరు, ఒడ్డున షాకులు అనే తాత్కాలిక పాకల హోటళ్లు కూడా ఉండవు. అక్టోబరులో వాటిని మళ్లీ కడుతుంటారు.

బాలీ వీటన్నిటికీ తలకిందులు. అది భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పొడి కాలం. అంటే మే అయినా దసరా అయినా వాతావరణం వరకు సరిపోయేది అదే. కాకపోతే మనకు మధ్యలో ఒకచోట విమానం మారాలి, గడియారం రెండున్నర గంటలు ముందుకు జరుగుతుంది. ఐదు రాత్రుల కోసం అంత ప్రయాణం నాకు నచ్చదు, వారం పైన దొరికితే పోండి. పోతే కుటా వైపు వద్దు, అక్కడి అలలు సర్ఫింగ్ చేసేవాళ్లవి. సనూర్, నుసా దువాలో పగడపు దిబ్బ అలలను దూరంగానే ఆపేస్తుంది. మార్చిలో వచ్చే న్యేపి పండుగనాడు బాలీలో విమానాశ్రయం సహా ద్వీపమంతా ఒక రోజు మూసేస్తారు, ఆ తేదీ చూసుకోకుండా టికెట్ కొనొద్దు.

మేలోనే పోక తప్పదనుకుంటే ఎవరూ పెద్దగా తలచుకోని చోటు ఒకటుంది: శ్రీలంక తూర్పు తీరం. బెంతోట, మిరిస్సా లాంటి పేరున్న బీచులన్నీ నైరుతి వైపున ఉంటాయి, వాటికి డిసెంబరు నుంచి మార్చి మంచిది. తూర్పున ట్రింకోమలీ దగ్గరి నిలావెలికి, బట్టికలోవా వైపు పాసికుడాకు మే నుంచి సెప్టెంబరు దాకా సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. పాసికుడాలో చాలా దూరం నడిచిపోయినా నీళ్లు నడుము దాటవు. చిక్కల్లా దారే. కొలంబో నుంచి కారులో ఆరేడు గంటలు పడుతుంది.

మీ ఇద్దరి సంగతి చూస్తే నాకు కనిపించే సందు ఒకటే. మీ ఆయనకు ఇంటర్ స్పాట్ వాల్యుయేషన్ ఏప్రిల్‌లో ముగుస్తుంది. జూన్ ఒకటి దాకా కాలేజీ తెరవరు. మీకు మార్చి నెలాఖరు క్లోజింగ్ తలనొప్పి కూడా అప్పటికి దిగిపోతుంది. ఏప్రిల్ మూడో వారంలో పోండి. మాల్దీవుల్లో గాలి మారేముందు సముద్రం అద్దంలా పరుచుకొని ఉండే రోజులు చాలా ఉంటాయి. క్రిస్మస్, కొత్త సంవత్సరం రేట్లు అప్పటికి దిగుతాయి. బాబుకు కూడా బడి మూసే వేళ, అత్తమ్మకు పొద్దున్నే టిఫిన్ బాక్సులు కట్టే బాధ తగ్గుతుంది.

కాబట్టి నా మాట: ఏప్రిల్‌లో మాల్దీవులు, మాలే నుంచి స్పీడ్‌బోటులో గంటలోపు చేరే ద్వీపం, ఒడ్డు మీది విల్లా. బడ్జెట్ సరిపోకపోతే అదే వారంలో అండమాన్.

స్పీడ్‌బోటు అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, దూరపు ద్వీపాలకు సీప్లేన్‌లో, అంటే నీళ్ల మీద దిగే చిన్న విమానంలో పోవాలి. అవి పగటి వెలుగులోనే ఎగురుతాయి. మీ విమానం మధ్యాహ్నం మూడు దాటాక దిగితే ఆ రాత్రి మాలే పక్కనే ఉండి తెల్లారి పోవాల్సి వస్తుంది. మళ్లీ అదే కథ, ఒక రాత్రి గల్లంతు. పైగా మనిషికి పెట్టె 20 కిలోలు, చేతిసంచి 5 కిలోలు దాటొద్దంటారు. పైనుంచి చూస్తే నీలిరంగు ఉంగరాల్లా కనిపించే ఆ పగడపు దీవులు అద్భుతం, కాదనను. వారం రోజులున్నప్పుడు ఎక్కండి.

రేటు చూసేటప్పుడు పైలం. అక్కడి ధరల పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటాయి, పన్నులు వేరే అని దానర్థం. గది అద్దె రాత్రికి 200 డాలర్లని చూపించారనుకుందాం. దాని మీద 10 శాతం సర్వీస్ చార్జి, 220 అయింది. దాని మీద పర్యాటక జీఎస్టీ 17 శాతం, 257 దాటింది. 2025 నుంచి రిసార్టుల్లో గ్రీన్ ట్యాక్స్ మనిషికి రాత్రికి 12 డాలర్లు, ఇద్దరికీ 24. మొత్తం 281 డాలర్ల పైమాటే. పడవ ఖర్చు వేరే. అందుకే ఎవరిని అడిగినా "అన్ని పన్నులు, పడవ, భోజనంతో కలిపి ఐదు రాత్రులకు మొత్తం ఎంత" అనే అడగండి, కాగితం మీద రాయించుకోండి. విదేశీ ప్యాకేజీ ఇక్కడ కొంటే టీసీఎస్ అనే ముందస్తు పన్ను కూడా పట్టుకుంటారు. అది పోయే డబ్బు కాదు, రిటర్న్ వేసేటప్పుడు సర్దుకుంటుంది. బ్యాంకులో ఉన్నారు కాబట్టి ఆ లెక్క మీకే నాకన్నా బాగా తెలుసు.

మామూలు జనం ఉండే ద్వీపాల్లో గెస్ట్‌హౌస్‌లు చవకగా దొరుకుతాయి, మఫుషి అలాంటిదే. మంచి మనుషులు, మంచి తిండి. కానీ అక్కడ బట్టల విషయంలో ఊరి కట్టుబాటు పాటించాలి, ఈత దుస్తులకు వేరే కేటాయించిన బీచ్ ఉంటుంది, అక్కడ జనం ఎక్కువ. గది నుంచి అడుగు బయటపెడితే ఇసుక, ఇంకో పది అడుగులకు నీళ్లు ఉండాలన్నది మీ కోరిక అయితే రిసార్టే సరి.

నీటి విల్లా గురించి. ఫోటోల్లో దాన్ని మించింది లేదు, ఆ చెక్క వంతెనా, గదిలో అద్దం నేలా. కానీ పడుండటానికి పోయేవాళ్లకు నేను ఒడ్డు మీది గదే చెప్తాను. నీళ్ల మీద మిట్టమధ్యాహ్నం నీడ ఉండదు, నాలుగు వైపుల నుంచి వెలుగు కళ్లలో గుచ్చుతుంది, మీరు ఏసీ వేసుకొని తెరలు దించుకొని కూర్చోవాల్సి వస్తుంది. మెట్లు దిగితే నేరుగా లోతు ఉండొచ్చు, ఈత రానివాళ్లకు అది భయమే. ఒడ్డు గదికి చెట్ల నీడ ఉంటుంది, ఊయల ఉంటుంది, పాదాలకు ఇసుక తగులుతుంది. ధర కూడా చాలాచోట్ల తక్కువ. బుక్ చేసే ముందు రిసార్టుకు ఒక్క మెయిల్ పెట్టి మూడు సంగతులు అడగండి. మేం వచ్చే నెలలో గాలి ఏ వైపు నుంచి, దానికి చాటున ఉండే గది ఇస్తారా? గది ముందు నీళ్లు లోతు తక్కువ ఇసుక మడుగా, లేక పగడపు రాళ్లా? పక్కన కట్టడం పనులేమైనా జరుగుతున్నాయా? ఈ మూడో ప్రశ్న ఎవరూ అడగరు. డ్రిల్లింగ్ మోత మధ్య ఐదు రోజులు గడిపి ఏడుపు మొహాలతో వచ్చినవాళ్లు నాకు తెలుసు.

అండమాన్ అయితే హావ్‌లాక్, ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు. పోర్ట్ బ్లెయిర్ పేరు కూడా 2024లో శ్రీ విజయపురం అయింది, టికెట్ల మీద రెండు పేర్లూ కనిపిస్తే కంగారు పడొద్దు. అక్కడి నుంచి ఫెర్రీలో రెండు గంటలు అటూ ఇటూ. విమానం దిగిన రోజే ఫెర్రీ అందేలా పొద్దుటి విమానం చూసుకోండి. పాస్‌పోర్టు అక్కర్లేదు. రాధానగర్ బీచ్ పడమటి ఒడ్డున ఉంది, పెద్ద చెట్ల అడవి నేరుగా ఇసుకలోకి దిగుతుంది, సాయంత్రం అక్కడే ఉండాలి. మన గడియారమే కానీ తూర్పున చాలా దూరం కదా, ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది. నాలుగింటికే ఇసుకలో ఉండండి. చాలా రిసార్టులు మాత్రం తూర్పు ఒడ్డున ఉంటాయి, అక్కడ ఆటుకు నీళ్లు చాలా దూరం వెనక్కి పోయి రాళ్లు, చచ్చిన పగడాలు బయటపడతాయి. పోటు వేళ మాత్రమే దిగగలరు, ఆ వేళ రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. రిసార్టువాళ్ల దగ్గర పట్టిక ఉంటుంది. మొసళ్ల హెచ్చరిక బోర్డులున్న వైపు, ముఖ్యంగా రాధానగర్ పక్కనున్న నీల్స్ కోవ్ వైపు పోవద్దు. 2010లో అక్కడ ఒక పర్యాటకురాలిని మొసలి పట్టుకుపోయింది.

గోవా గురించి ఒక్క మాట: దక్షిణాన అగోండా, పాలోలెం, బెనౌలిం వైపు మీరు కోరుకునే నెమ్మది దొరుకుతుంది, ఉత్తరానికి పోవద్దు. సికింద్రాబాద్ నుంచి వాస్కోకు 2024 అక్టోబరులో మొదలైన బండి వారంలో రెండు రోజులుంది, మడ్గావ్‌లో దిగొచ్చు.

ఇప్పుడు ఈత సంగతి. ఇది మాత్రం ఇద్దరూ కలిసి చదవండి. మనం చెరువుల పక్కన పెరిగినవాళ్లం. భద్రకాళి చెరువు, ధర్మసాగరం, పాకాల చూసి నీళ్లంటే మనకు తెలుసనుకుంటాం. చెరువు నీళ్లు నిలబడి ఉంటాయి, సముద్రం కదులుతుంది. అలలు వరుసగా తెల్లగా విరుగుతూ వస్తుంటాయి. వాటి మధ్య ఒకచోట మాత్రం అలలు విరగవు, నీళ్లు నున్నగా, కొంచెం ముదురు రంగులో కనిపిస్తాయి. కొత్తవాళ్లు "ఇక్కడ బాగుంది, అలలే లేవు" అని సరిగ్గా అక్కడే దిగుతారు. ఒడ్డుకు వచ్చిన నీళ్లన్నీ వెనక్కి పోయే దారి అదే. తూము ఎత్తినప్పుడు చెరువులో నీళ్లు అటు లాగినట్టే, నడుము లోతులో ఉన్న మనిషిని అది లోపలికి లాగేస్తుంది. దొరికితే ఒడ్డు వైపు కొట్లాడొద్దు, అలసిపోయి మునిగేది అందుకే. తేలుతూ, చెయ్యి ఎత్తి పిలుస్తూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరగాలి. ఆ ధార సన్నగానే ఉంటుంది, పక్కకు తప్పుకుంటే అలలే ఒడ్డుకు తోస్తాయి. ఈత రానివాళ్లు ఇలాంటి సముద్రంలో అసలు మోకాలు దాటి పోవద్దు, అలలుంటే అదీ వద్దు. మాల్దీవుల మడుగుల్లో దిబ్బ లోపలి నీళ్లు సాధారణంగా నిమ్మళంగా ఉంటాయి, నేను మిమ్మల్ని అటు పంపడానికి ఇదొక పెద్ద కారణం. అయినా రిసార్టులో లైఫ్‌జాకెట్ అడిగి తొడుక్కోండి, సిగ్గుపడొద్దు. అక్కడ జాకెట్ వేసుకొని, మొహానికి నీళ్లలో చూసే అద్దాల మాస్కు పెట్టి, నడుము లోతులో తల వంచితే చాలు, చారల చేపలు మోకాళ్ల చుట్టూ తిరగడం కనిపిస్తుంది. కాళ్లకు రబ్బరు బూట్లు తప్పనిసరి, పగడం గీసుకుంటే తొందరగా మానదు. దాన్ని ముట్టుకోవద్దు, తుంచి తెచ్చుకోవద్దు. మాల్దీవుల్లోనూ అండమాన్‌లోనూ పగడం తీసుకెళ్లడం నేరం.

ఎండ మాటకొస్తే, వరంగల్‌లో 44, 45 డిగ్రీలు చూసినవాళ్లం, మాకేం అవుతుందని అందరూ అంటారు. మన ఎండ వేడితో తరిమేస్తుంది, మనమే నీడకు పోతాం. సముద్రం దగ్గర గాలి చల్లగా తగులుతుంటుంది, వేడే తెలియదు. భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, నీళ్లూ తెల్లటి ఇసుకా వెలుగును తిప్పికొడతాయి. సాయంత్రానికి భుజాలు మండుతాయి, తర్వాతి రెండు రాత్రులు పక్క మీద ఒరగలేరు. పది నుంచి నాలుగు దాకా నీడలోనే ఉండండి, ఎలాగూ మీది పడుకునే కార్యక్రమమే. ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ క్రీము బయటికి పోయే అరగంట ముందు, తర్వాత రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ. పాదాల పైభాగం, చెవులు, మోకాళ్ల వెనక, పాపిట మర్చిపోయేవాళ్లే ఎక్కువ. నీళ్లలోకి పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకుంటే సగం బాధ తప్పుతుంది.

తిండికి, రిసార్టులో బయట హోటల్ ఉండదు, వాళ్లు పెట్టిందే. నీళ్ల సీసా కూడా పడవలో రావాలి కాబట్టి విడిగా కొంటే అన్నీ ప్రియమే. పొద్దున, రాత్రి భోజనాలున్న హాఫ్ బోర్డు మీకు సరిపోతుంది. టిఫిన్ పదింటికి నిదానంగా తింటే మధ్యాహ్నం పెద్దగా ఆకలి ఉండదు. ఆ గ్యాపుకు ఇంటి నుంచి సకినాలు, పల్లీపట్టీలు పట్టుకుపోండి. మామిడికాయ తొక్కు చేతిసంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర తీసేయవచ్చు, మూత బిగించి, రెండు కవర్లు చుట్టి పెద్ద పెట్టెలో వేయండి. ఆయన శాకాహారి అని బుక్ చేసేటప్పుడే రాయండి, చేప కూడా తినరని విడిగా రాయండి. మాల్దీవుల్లో ఎండు ట్యూనా చాలా కూరల్లో, పచ్చళ్లలో పడుతుంది, శ్రీలంకలోనూ అంతే, వాళ్లు దాన్ని మాంసం కింద లెక్కేయకపోవచ్చు. మొదటి రోజు రాత్రే వంటాయనను కలిసి మాట్లాడండి. అక్కడి వంటగదుల్లో మనవాళ్లు చాలామంది పనిచేస్తుంటారు, అడిగితే పప్పూ అన్నం ప్రేమగా చేసి పెడతారు.

మాల్దీవులకు మద్యం సీసా పట్టుకుపోకూడదు. శంషాబాద్‌లో కొన్నదైనా మాలేలో తీసిపెట్టుకొని తిరిగొచ్చేటప్పుడు ఇస్తారు. పూజ విగ్రహాలు కూడా అనుమతించరు, మనవాళ్లు పెట్టెలో చిన్న వెంకన్న విగ్రహం పెట్టుకుంటారు కదా, అది ఇంట్లోనే ఉంచండి. బయల్దేరే ముందు 96 గంటల్లోపు ఐమూగా అనే సైటులో వివరాలు నింపాలి, దానికి డబ్బేం లేదు. వీసా అక్కడ దిగాక ఉచితంగానే ఇస్తారు. ఈ రెండింటికీ ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వొద్దు.

అక్కడ రోజు ఎలా గడుస్తుందో చెప్తే మీ ఆయనకు బుగులు తీరుతుంది, "అంతసేపు ఏం చేస్తాం" అని అడిగారట కదా. పొద్దు పొడవకముందే మెలకువ వస్తుంది, రానివ్వండి. ఆ వేళ ఒడ్డు మీద మీరిద్దరే ఉంటారు. ఇసుక రంగులోనే ఉండే చిన్న పీతలు బొరియల్లోంచి వస్తాయి. ఒక చేత్తో ఇసుక ముద్ద పట్టుకొని పక్కకు నడిచి, బొరియకు జానెడు దూరంలో విసిరేసి, పుల్లల్లాంటి కళ్లు రెండూ నిక్కబొడిచి చుట్టూ చూసి, మళ్లీ లోపలికి. మీరు కదలకుండా కూర్చుంటే పాదాల పక్కనే చేస్తాయి ఈ పని, అరగంట తెలియకుండా పోతుంది. తర్వాత స్నానం, నిదానంగా టిఫిన్. పన్నెండు నుంచి నాలుగు దాకా నీడలో నిద్ర, పుస్తకం, మాటలు. నాలుగింటికి నీళ్లు. ఆరు దాటాక చీకటి. రాత్రి భోజనం తర్వాత చుక్కలు. ఇంతే. డాల్ఫిన్ పడవ, దూరపు ఇసుక తిన్నె యాత్ర అంటూ డెస్క్ దగ్గర పట్టీ ఇస్తారు. నాలుగో రోజు దాకా దాన్ని తెరవకండి, అప్పుడు మనసైతే ఒక్కటి ఎంచుకోండి. ఫోన్ విషయంలో ఒక ఏర్పాటు చేసుకోండి: రాత్రి ఎనిమిదింటికి బాబుతో, అత్తమ్మతో మాట్లాడటం, మిగతా వేళ గది లాకర్లో. అత్తమ్మకు ముందే చెప్పండి, లేకపోతే ఆమె కంగారు పడుతుంది. పక్కింటివాళ్ల నంబరు, డాక్టరు నంబరు ఆమె దగ్గర రాసిపెట్టి పోండి. పదేళ్ల తర్వాత ఇద్దరే ఉంటే మొదటి రోజు మాటలు వెతుక్కోవాల్సి రావచ్చు, ఇంటి లెక్కలే మాట్లాడతారు. ఫర్వాలేదు, అవి అయిపోయాక వేరే మాటలు వస్తాయి.

ఇంత డబ్బు పెట్టేముందు ఊరికే ఉండటం మీకు పడుతుందా లేదా చూసుకోవాలంటే దారి ఒకటుంది. వరంగల్ స్టేషన్‌లో కృష్ణా ఎక్స్‌ప్రెస్ లాంటి బండి ఎక్కితే బాపట్లలోనో చీరాలలోనో నేరుగా దిగుతారు. సూర్యలంకలో, చీరాల దగ్గర రామాపురంలో ఒడ్డునే రిసార్టులున్నాయి. చలికాలంలో ఒక శని, ఆదివారాలు పోయి గది, ఇసుక తప్ప ఏమీ పెట్టుకోకుండా ఉండి చూడండి. అక్కడి సముద్రం మాత్రం మంచిది కాదు, పాదాలు తడుపుకోవడం వరకే.

హన్మకొండ నుంచి శంషాబాద్‌కు జనగామ మీదుగా పోయి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే కారులో మూడు గంటలకు పైనే. విమానం పొద్దున అయితే రాత్రంతా కారులో కూర్చొని సెలవు మొదలుపెట్టొద్దు. ముందు రోజు మధ్యాహ్నం కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగండి, పుష్పక్ బస్సులో ఎయిర్‌పోర్టు వైపు పోయి దగ్గర్లోనే పడుకోండి. స్పీడ్‌బోటు ఎక్కడానికి అరగంట ముందు వాంతుల మాత్ర వేసుకోండి, మీకు బస్సులో తిప్పుతుందని రాశారు కదా. పడవలో వెనక వైపు కూర్చుంటే కుదుపు తక్కువ. మాలేకు హైదరాబాద్ నుంచి నేరు విమానాలు సీజన్‌ను బట్టి పెడతారు, తీసేస్తారు. లేకపోతే బెంగళూరులోనో కొచ్చిలోనో మారాలి.

ఇవాళే చేయాల్సిన పని మాత్రం ఒకటుంది. పాస్‌పోర్టులు రెండూ బయటికి తీసి గడువు చూడండి. చాలా దేశాలు కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలంటాయి. దగ్గర పడితే వరంగల్ పోస్టాఫీసు పాస్‌పోర్టు కేంద్రంలో స్లాట్ తీసుకోండి. మీ దాంట్లో పుట్టింటి ఇంటిపేరే ఉందన్నారు, ఉండనివ్వండి, దానికేం కాదు. టికెట్ మాత్రం అక్షరం పొల్లుపోకుండా అదే పేరుతో కొనాలి. ఆధార్‌లో అత్తింటి పేరు ఉందని ఏజెంటు ఆ పేరుతో తీస్తే కౌంటర్ దగ్గర ఆపేస్తారు, కొన్నాక పేరు మార్చడానికి చాలా విమాన సంస్థలు ఒప్పుకోవు. డబ్బు కట్టేముందు టికెట్ నమూనా వాట్సాప్‌లో తెప్పించుకొని, పాస్‌పోర్టు పక్కన పెట్టి, ఇద్దరి పేర్లూ ఒక్కో అక్షరం సరిచూసుకోండి.